బర్రెలు కొన్న ప్లాట్లు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: లోకాన్ని సరిగ్గా కోడ్ చేస్తే చాలు, అది బుద్ధిగా నడుచుకుంటుందని. (నా జుట్టే నా మాట వినేది కాదు, అది వేరే సంగతి.) బోరబండలో లోకల్ రైలెక్కి, హైటెక్ సిటీలో దిగి, ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా పనిచేసేవాణ్ణి. తెల్లాపూర్ వైపు ఒక చెరువు చుట్టూ ఇళ్లు పెరిగితే నీళ్లు, గడ్డి, కొంగలు, బర్రెలు ఏమవుతాయో కంప్యూటర్లో ముందుగానే చూపించడం మా పని. డెమో బాగుంటే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే. చిక్కేమిటంటే, మా అమ్మ అప్పటికే ఆదివారం చర్చిలో లేచి నిలబడి, "మా బాబుకి పర్మనెంటయ్యిందండి, దేవుడికి స్తోత్రం" అని సాక్ష్యం చెప్పేసింది. ఇప్పుడు కాకపోతే దేవుడు క్షమిస్తాడేమో గానీ, వెనక వరసలో కూర్చునే మా పెద్దమ్మ క్షమించదు.

మోడల్లో మనుషులకి మూడు నియమాలు రాశాను: నీళ్ల దగ్గర చోటు వెతుకు, కొనుక్కో, ఇల్లు కట్టుకో. బర్రెలకీ నీళ్లంటే ఇష్టమే కదా అని అవే కాపీ కొట్టి అతికించాను. ఆ చెరువు దగ్గర బర్రెలు మేపే తాత సర్వేలో చెప్పిన 'బురద ఆరని చోటు' అన్న షరతు కూడా వాటికి శ్రద్ధగా చేర్చాను. 'కొనుక్కో', 'కట్టుకో' తీసేయడం మాత్రం మర్చిపోయాను.

డెమోకి, కంపెనీలో మోడల్ లెక్కలు సరిచూసే మా మేడమ్ (అనంతపురం మనిషి, నవ్వడం నేనెప్పుడూ చూడలేదు) ఆ తాతని కూడా పిలిపించారు. మీట నొక్కాను. తెర మీద ఎర్ర చుక్కలు, అంటే ఇళ్లు, చకచకా లేచాయి. యజమానుల పట్టికలో బర్రె, బర్రె, బర్రె. అయిదో ఏటికి బర్రెలు విల్లాల్లో స్థిరపడ్డాయి, మనుషులు చోటు లేక చెరువులో నిలబడ్డారు.

"ఏమప్పా ఇది? బర్రెలు విల్లాలు కొనేసినాయే!" అన్నారు మేడమ్. నాకు పెద్దమ్మ మొహం కనబడింది.

తాత లేచి తెర దగ్గరికొచ్చి, ఎర్ర చుక్కల మీద వేలు పెట్టి చూశాడు. "మంచిగనే ఉంది గదమ్మా. ఇవన్ని నా బర్రెలు బురదల పండుకునేటి జాగలే. వానొస్తే ముందుగాల మునిగేది గీడనే. బర్రెలకు ఫికర్ లేదు, మనుషులు కడ్తే పరేషానయితరు."

మేడమ్ మొదటిసారి నవ్వారు. ఎర్ర చుక్కలన్నీ 'ఇక్కడ ఇళ్లు వద్దు' అనే పటమై రిపోర్టులోకి ఎక్కాయి. నాకు పర్మనెంటయ్యింది. అమ్మ సాక్ష్యం ఆలస్యంగానైనా నిజమైంది.

కొన్నేళ్లకి, చెరువు కనబడే ఫ్లాటని మురిసిపోయి ఒకటి కొన్నాను. అమ్మ మళ్లీ సాక్ష్యం చెప్పింది. మొదటి పెద్ద వానకే పార్కింగులో మోకాలి లోతు నీళ్లు. నా కారు పక్కన ఒక బర్రె హాయిగా కూర్చుని నెమరేస్తోంది. దాని వెనకాలే కర్రతో తాత.

"సారూ, నువ్వేనా? పటం నువ్వే గీస్తివి గద, మల్ల గీడనే కొంటివా?"

"చెరువు కనిపిస్తుందన్నారు తాతా," అన్నాను.

"ఇగ జూడు, మంచిగ జూడు," అన్నాడు తాత.

సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. బర్రెకీ మనిషికీ ఒకే నియమం రాసినందుకు అంత హడలిపోయిన ఆ ట్రైనీ కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, వాడు తప్పేమీ రాయలేదు.