శుక్రవారం చేరినవాడు

విమానాల హ్యాంగర్లో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆయన మళ్ళీచూడు. ఎవరు ఏ పని ముగించి పిలిచినా వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి, పొడుగు పిడి ఉన్న చిన్న అద్దాన్ని బోల్టు వెనక్కి దూర్చి చూసేవాడు. తర్వాత లేచి, చేతులు తుడుచుకుంటూ, "బాగానే ఉంది. మళ్ళీ చూడు" అనేవాడు. బాగానే ఉంటే మళ్ళీ చూడటమెందుకని కొత్తవాళ్ళు మొహం ముడుచుకునేవాళ్ళు. పాతవాళ్ళు నోరెత్తకుండా మళ్ళీ చూసేవాళ్ళు. ఒకరు చేసిన పనిని ఇంకొకరు చూసి సంతకం పెడితే తప్ప విమానం హ్యాంగరు గుమ్మం దాటదు. ఇరవై రెండేళ్ళుగా ఆ రెండో సంతకం ఆయనది.

మొదటి సంతకం ఎక్కువసార్లు ఆయన బావమరిదిది. భార్యకి సొంత తమ్ముడు. చక్రాలు, బ్రేకులు వాడి పని. నోరు వాగుడుకాయది గానీ చేతులు మాత్రం దేవుడు తీరిగ్గా చేసినవి. బోల్టు వదులు కాకుండా దాని తలలోంచి సన్నటి తీగ దూర్చి మెలిపెడితే, అచ్చం జడ అల్లినట్టుండేది.

"చిన్నప్పుడు మా అక్క జడ నేనే వేసేవాణ్ణి బావా. అది చూసే కదా నువ్వు పడిపోయావు" అనేవాడు బ్రేకు కింద పడుకుని.

"నోరు మూసుకుని ఆ చివర లోపలికి మడువు. చెయ్యి గీరుకుంటుంది" అనేవాడాయన.

ఇలాగే గడిచిపోతుందనుకున్నారు ఇద్దరూ. ఒక మంగళవారం పొద్దున టీ గది గోడకి యూనియన్ వాళ్ళు రెండు కాగితాలు అంటించేదాకా అలాగే గడిచింది కూడా.

మొదటిది యాజమాన్యం పెట్టిన ఒప్పందం. జీతాల్లో ఐదో వంతు వదులుకోవాలి. పెద్ద మరమ్మతులన్నీ బయటి కంపెనీకి పోతాయి. మూడు వందల తొంభై మందిలో మూడు వందల పన్నెండు మంది ఉంటారు. ఒప్పుకోకపోతే తొంభై రోజుల్లో హ్యాంగరు మూసేస్తారు. శనివారం ఓటింగు.

"పీక కోయాలా, చెయ్యి కోయాలా, ఎంచుకునే హక్కు పూర్తిగా మీదే అంటున్నారు" అన్నాడు ఇంజన్ల పెద్దాయన, కళ్ళజోడు పైకి నెట్టి.

"ఉత్త బెదిరింపు. కాదని వేద్దాం. ఇన్ని విమానాలేసుకుని ఎక్కడికి పోతారు?" అన్నాడు రంగుల పనివాడు.

"విమానాలు కదరా. ఎక్కడికైనా పోతాయి."

అందరూ నవ్వారు. నవ్వు తొందరగానే ఆగిపోయింది.

రెండో కాగితం పేర్ల జాబితా. ఉద్యోగంలో చేరిన తేదీని బట్టి, ముందు చేరినవాడి నుంచి వరసగా అంకెలు. మూడు వందల పన్నెండు దగ్గర అడ్డంగా ఒక గీత. గీతకి పైనున్నవాళ్ళు ఉంటారు, కిందివాళ్ళు పోతారు. మళ్ళీచూడు అలవాటు కొద్దీ జేబులోంచి టార్చి తీసి, పట్టపగలు, జాబితా మీద వెలుగు వేసి వెతుక్కున్నాడు. తనది రెండు వందల తొంభై ఒకటి. బావమరిదిది మూడు వందల ముప్ఫై నాలుగు. మళ్ళీ చూశాడు. అంకెలు అవే.

"ఇంక ఆర్పు బావా, బ్యాటరీ అయిపోతుంది" అన్నాడు బావమరిది వెనకనుంచి. గొంతు మామూలుగానే ఉంది. టీ గ్లాసు మాత్రం నిండుగా ఉన్నదాన్ని అలాగే బల్లమీద పెట్టేసి వెళ్ళిపోయాడు.

ఇద్దరి మధ్య ఆ నలభై మూడు అంకెలు ఎలా వచ్చాయో ఆ కుటుంబంలో ముగ్గురికి తెలుసు. ఇద్దరినీ ఒకేసారి ఎంపిక చేశారు. చేరే రోజు శుక్రవారం. లైన్లో బావమరిది ముందు, ఆయన వెనక. ఆయనకి పెళ్ళై అప్పటికి ఆరు నెలలు. కొత్త ఉద్యోగం కంగారులో వైద్య పరీక్ష కాగితం ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. చెమటలు పట్టి నిలబడితే, "నువ్వు కదలకు, నేను తెస్తా. నీకు బస్సులు కూడా సరిగా తెలియవు" అని వాడు లైను వదిలేసి పరుగెత్తాడు. కాగితంతో తిరిగొచ్చేసరికి లైను కరిగిపోయింది. కిటికీ ముందు ఆయన ఒక్కడే మిగిలాడు. కాగితం అందుకుని, ఆయన చేత సంతకం పెట్టించుకుని, గుమాస్తా కిటికీ తలుపు వేసేశాడు. "సోమవారం రండి" అన్నాడు లోపల్నుంచి. సోమవారం వాడు తాపీగా టిఫిను తిని వెళ్ళాడు. ఉద్యోగం వచ్చేసింది కదా, తొందరేముంది అనుకున్నాడు. అప్పటికే నలభై రెండు మంది వాడికి ముందు నిలబడి ఉన్నారు.

బుధవారం ఆయన యూనియన్ సెక్రటరీ గదికి వెళ్ళాడు.

"నా పేరు తీసేసి వాడిది పెట్టు."

సెక్రటరీ బయటివాడేం కాదు, ఆయన చేతికింద పని నేర్చుకున్నవాడే. "కూర్చో అన్నా" అన్నాడు. ఆయన కూర్చోలేదు.

"నీ పేరు తియ్యడం ఎంతసేపు? రాజీనామా రాసిస్తే ఇప్పుడే తీసేస్తా. కానీ ఆ ఖాళీ మూడొందల పదమూడుకి పోతుంది. మీవాడిదాకా రావాలంటే నీలాంటివాళ్ళు ఇరవై రెండు మంది కావాలి. ఉన్నారా?"

"ఆ రోజు లైన్లో వాడు నాకు ముందున్నాడు. నా కోసమే వెళ్ళాడు."

"ఎక్కడన్నా రాసుందా?"

కాగితం మీద సంతకం లేకపోతే ఆ పని జరగనట్టే లెక్క అని వందమందికి నేర్పింది ఆయనే. ఈ సెక్రటరీకీ ఆయనే నేర్పాడు.

ఆ గదిలో మాటలు సాయంత్రానికల్లా హ్యాంగరంతా తిరిగాయి. మర్నాడు పొద్దున, మూడు వందల పదమూడో అంకె మనిషి, రెక్కల రేకుల పని చేసేవాడు, ఆయన కోసం స్వయంగా టీ పట్టుకొచ్చాడు.

"మోకాళ్ళెలా ఉన్నాయన్నా?"

"బానే ఉన్నాయి."

"చల్లటి నేల మీద అట్లా కూర్చోకూడదన్నా. మా మావయ్య ఇలాగే కూర్చుని కూర్చుని, చివరికి లేవలేకపోయాడు. ముందే మానేసుంటే బాగుండేదని ఇప్పుడు ఏడుస్తాడు."

టీ గది గొల్లుమని నవ్వింది. ఆ పూట నుంచి రేకులవాడి పేరు వారసుడు. వాడు ఎర్రబడిన మొహంతో గ్లాసు కడిగే నెపాన బయటికి పోయాడు. కాసేపటికి మళ్ళీచూడు చేతులు కడుక్కోడానికి వెళ్తే, వాడు కుళాయి ముందు ఊరికే నిలబడి ఉన్నాడు. "ఇంట్లో ఇద్దరు పిల్లలన్నా. ఏం అడుగుతున్నానో నాకే తెలియలేదు" అన్నాడు. ఆయన వాడి భుజం తట్టబోయి, చేతికి నూనె ఉందని ఆగిపోయాడు.

ఇంట్లో భార్య రెండు రోజులు ఈ ఊసే ఎత్తలేదు. ఒక దుకాణానికి కిటికీ తెరలు కుట్టి ఇస్తుందామె. గురువారం సాయంత్రం మిషను ముందు కూర్చుని, గుడ్డ సరిచేసుకుంటూ అంది:

"ఆ రోజు ఆ కాగితం బీరువాలో మీ చొక్కాల కింద ఉంది. వాడు చెప్పులు కూడా విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి, తొందరగా ఇవ్వక్కా, బస్సెళ్ళిపోతుంది అన్నాడు. నేనే వెతికిచ్చాను."

"తెలుసు."

"దొరకలేదని చెప్పుంటే సరిపోయేది." మిషను చక్రం మీద చెయ్యి పెట్టి తిప్పకుండా కాసేపు అలాగే ఉంది. "అప్పుడు మీకు ఈ ఉద్యోగం ఉండేది కాదు."

ఆయన లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాడు. దాహం లేదు.

శుక్రవారమంతా ఆలోచించి, కాదని ఓటు వెయ్యాలని నిర్ణయించుకున్నాడు. దానివల్ల బావమరిదికి పైసా ఉపయోగం లేదని ఆయనకి తెలుసు. కాదంటే వాడితోపాటు తనూ పోతాడు, అంతే తేడా. కానీ ఆ గీత తన చేత్తో గియ్యలేడు. చెయ్యగలిగిందల్లా అదొక్కటే, వాడితోపాటు గేటు బయటికి నడవడం.

శనివారం పొద్దున క్యాంటీన్లో ఓటింగు. ఇంజన్ల మీద కప్పే టార్పాలిన్ తాడుకి వేలాడదీసి చాటు చేశారు. బావమరిది ఆయనకి ముందున్నాడు. చాటులోకి వెళ్ళి వచ్చినవాడు, పెట్టెలో వేసే ముందు, ఆయన పక్కన ఆగి, మడత విప్పి కాగితం చూపించాడు. ఔను దగ్గర టిక్కు.

"ఇదేంట్రా?"

"ఔనన్నా ఇంటికే, కాదన్నా ఇంటికే నేను. ఔనంటే నువ్వైనా ఉంటావు. ఇద్దరం ఖాళీగా కూర్చుంటే భోజనానికి ఎవరింటికి పోతాం?"

"నేను కాదని వేస్తా."

"నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. అందుకే చూపిస్తున్నా. నీ కాదు, నా ఔను రెండూ కొట్టుకుపోతాయి. ఈ ఒక్క ఓటు నాది బావా. పాడుచెయ్యకు."

"నాచేత ఈ పని చేయించకురా."

"ఏముంది, నేను చేసింది చూసి సంతకం పెట్టడమేగా. రోజూ పెడుతున్నదేగా."

బావమరిది నవ్వుదామనుకున్నాడు, నవ్వు సగంలో తెగింది. కాగితం మడిచి పెట్టెలో వేసి, వెనక్కి చూడకుండా పోయాడు.

ఆయన టార్పాలిన్ చాటున చాలాసేపు ఉండిపోయాడు. "ఏంటి, మళ్ళీ చూస్తున్నావా?" అని ఎవరో అరిస్తే లైనంతా నవ్వింది. పెన్సిలు మొన విరిగింది. ఉన్నదాంతోనే ఔను దగ్గర గీశాడు.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. ముప్ఫై ఎనిమిది ఓట్ల తేడాతో ఒప్పందం నెగ్గింది. ఆయన ఒక్కడి ఓటు ఎటు పడినా నెగ్గేదే. ఆ లెక్క తెలిశాక గుండె తేలికవుతుందనుకున్నాడు. అవసరమే లేనిచోట కూడా తన చెయ్యి పడిందని తేలింది, అంతే. బావమరిది కోసం వెతికాడు. పొద్దున్నే వెళ్ళిపోయాడన్నారు.

ఇంటికొచ్చేసరికి భార్య మిషను ముందే ఉంది. ఆయన చెప్పులు విప్పి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"తమ్ముడు ఫోన్ చేశాడు" అంది తలెత్తకుండా.

"ఏమన్నాడు?"

"మీరెటు వేశారో చెప్పాడు. తనే వేయించానన్నాడు. మిమ్మల్ని ఏమీ అనొద్దన్నాడు." తెర అంచు చివరిదాకా కుట్టి, ఆగింది. "అందుకని అనట్లేదు."

ఆయన అరచేతులు మోకాళ్ళ మీద బోర్లించి, వాటినే చూస్తూ కూర్చున్నాడు.

"ఏదో ఒకటి అను" అన్నాడు.

ఆమె దారం కొరికింది. ఎర్రబడ్డ కళ్ళెత్తి మొదటిసారి ఆయన వైపు చూసింది.

"ఏమనమంటారు? చెప్పండి, అదే అంటాను."

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఆమె ఎదురుచూస్తోంది కాబట్టి. ఆ శుక్రవారాన్ని తిట్టమనాలా, కాగితాన్ని తిట్టమనాలా, తనని తిట్టమనాలా తేలలేదు. ఆమె ఇంకొంచెంసేపు చూసి, తెరని రెండో అంచుకి తిప్పుకుని, సూది కిందికి జరిపి, చక్రం మీద చెయ్యి వేసింది.