కట్ట చుట్టల దూరం

గోదారికి ఆనకట్ట కట్టి ఒక తరం గడిచింది గాని, నరసాపురానికి రైలింకా రాలేదు. ఆ రోజుల్లో అక్కడి రేవులో వల వేసుకు బతికే సత్తియ్యను ఏ ఊరెంత దూరమని అడిగినా చుట్టల్లోనే చెప్పేవాడు. మైళ్లు, ఫర్లాంగులు దొరల గోల. పడవలో కూర్చున్నవాడికి కాలేది చుట్టే కదా!

వీరవేణి అతనికి తల్లిలేని ఒక్కగానొక్క కూతురు. పిలిస్తే పలికేంత దూరంలోనే పిల్లనిస్తానని సత్తియ్య పంతం. పోలవరం సంబంధం వచ్చినప్పుడు కుర్రాడి గుణం కన్నా ముందు అడిగింది దూరమే.

"ఎంతండీ అన్నయ్యగారూ! పడవెక్కితే ఒక్క కట్ట చుట్టలు" అంది పెళ్లికొడుకు తల్లి పాపాయి.

కట్టే కదా అని తాంబూలాలు పుచ్చుకున్నాడు. పెళ్లయ్యాక వియ్యాలవారు ముందు వెళ్లిపోయారు. పిల్లను కాపురానికి దిగబెట్టడానికి తండ్రీకూతుళ్లు కాలవ పడవెక్కారు. దిగులుకొద్దీ సత్తియ్య ఒకటి ఆరకముందే ఇంకోటి ముట్టించాడు. కాలవ దాటి గోదాట్లోకి తేలే విజ్జేశ్వరం లాకు దగ్గరే కట్ట ఖాళీ అయింది.

"వచ్చేశామా నాన్నా?" అంది వీరవేణి మూట సర్దుకుంటూ.

పడవవాడు నవ్వాడు. "అప్పుడేనా? ఇంకా గోదాట్లో ఎదురెక్కాలమ్మా."

పిల్ల ఏడుపు లంకించుకుంది. "ఇంత దూరం నువ్వేం వస్తావు నాన్నా?"

సత్తియ్య మోసపోయానని పళ్లు కొరుకుతూ పోలవరం రేవులో దిగాడు. దిగీ దిగగానే, ఎదురొచ్చిన పాపాయి మీద విరుచుకుపడ్డాడు.

"ఏంటి వదినగారూ ఇది? కట్టన్నారు. నా కట్ట లాకు దగ్గరే బూడిదైపోయిందండి!"

జవాబివ్వడానికి పాపాయి నోట్లోని చుట్ట తీసింది. నిప్పున్న కొస లోపలుంది. అడ్డపొగ! గాలి తగలదు కనుక నిదానంగా కాలుతుంది. సత్తియ్య ఊరి ఆడవాళ్లూ అలాగే కాలుస్తారు. రోజూ చూసేదే గాని, దూరం కొలిచేటప్పుడు ఆ సంగతి తట్టి చావలేదు.

"నా చుట్టతో చెప్పానండి. మీ చుట్టతో నేనెలా చెబుతాను?" అందావిడ అమాయకంగా.

ఇంక ఎవర్ని తిడతాడు? పిల్లకు జాగ్రత్తలు చెప్పి ఇంటిదారి పట్టాడు.

నరసాపురం చేరిన మర్నాడే చుట్ట తిప్పి నోట్లో పెట్టుకున్నాడు. నాలుక చుర్రుమంది. రేవులో వాళ్లు ఊరుకుంటారా? "సత్తియ్యా, చీర కూడా కట్టేయరాదూ!" అని ఆటపట్టించారు. కళ్లనీళ్లు కారుతున్నా అతను మానలేదు.

వర్షాలు వెనకబట్టాక కూతుర్ని చూడ్డానికి బయల్దేరాడు. పోలవరం రేవులో వీరవేణి ఎదురొచ్చింది.

"చాలా దూరమయిందా నాన్నా?"

సత్తియ్య రొంటిన దోపుకున్న కట్ట తీసి చూపించాడు. అందులో ఒక చుట్ట మిగిలుంది.

"కట్ట కూడా పట్టలేదమ్మా" అన్నాడు, మాట ముద్దముద్దగా వస్తుంటే.

వీరవేణి తండ్రి పెదవుల మీది బొబ్బల్ని చూసింది. చల్లటి మజ్జిగ కలిపి తెచ్చి, అతను తాగేదాకా పక్కనే కూర్చుంది.