డానియల్ సమాధి మీద దయ్యం

మరియమ్మకు దయ్యాలంటే భయం లేదు, దయ్యం సినిమాలంటేనే ఒళ్ళు మంట. చంద్రపూర్ దిక్కు దుర్గాపూర్‌ల ఒక బొగ్గుబాయి కాలరీ దవాఖానల ఇరవై ఎనిమిదేండ్లు ఆయాగ చేసిన మనిషి. సచ్చిపోయిన ఆడోళ్ళకు తానం పోసి, తల దువ్వి, చీర చుట్టి ఇంటోళ్ళకు అప్పజెప్పింది. వాళ్ళల్ల ఒక్కతి గూడ లేచి గొంతు వట్టుకోలే. సతాయించిందల్లా బతికున్నోళ్ళే. ముక్కుపుల్ల ఏదని, కాయితం మీద దస్కత్ ఎవలు వెట్టాలని పీనుగ పక్కనే కొట్లాడెటోళ్ళు. గసొంటి మనిషికి మొకం నిండ పౌడర్ పూసుకున్న పోరిని చూపెట్టి భయపడుమంటే ఎట్ల భయపడ్తది?

అయినా అక్టోబర్ ఆఖరు వచ్చిందంటే ఆమెకు ఈ తిప్పలు తప్పుతలేవు. కొడుకు రాబిన్సన్ బిడ్డ కెజియాకు హాలోవీన్ అంట. ఏడికెల్లి దిగిందో ఈ పండుగ, మనదీ కాదు, మరాఠోళ్ళదీ కాదు. నాగ్‌పూర్ హాస్టల్ల ఉండి సదువుకొని వచ్చినకాడి నుంచి పిల్లకు ఇదొక పిచ్చి. మంచి సినిమానన్న చూస్తదా అంటే అదీ లేదు. ఎంత అధ్వానంగ తీస్తే అంత ఇష్టం. పైసలు లేక, తెలివి లేక తీసిన దయ్యం సినిమాలన్నీ యూట్యూబ్‌ల దేవులాడి, దోస్తులను పిలిచి, కడుపు వట్టుకొని నవ్వుడు.

ముప్పై ఒకటో తారీఖు పగటీలి గూడ గదే కథ. బయట ఎండ మాడ్చుతుంటే కిటికీలకు దుప్పట్లు కట్టి ఇల్లంత చీకటి చేసిన్రు. మరియమ్మ టీవీ వెలుతురుల బెండకాయలు కోసుకుంట కూసున్నది.

"వేలు తెగితే ఎవలు కడ్తరే కట్టు? నీ దయ్యం కడ్తదా?" అన్నది.

"జర్ర ఊకో నానమ్మా. ఇది మన చంద్రపూర్ దిక్కు పోరగాండ్లే తీసిన్రు," అన్నది కెజియా. ఆమె పక్కన దోస్తు మాధవి. వరోరా పిల్ల, మరాఠోళ్ళ బిడ్డ, తెలుగు ఒక్క ముక్క రాదు.

చూడొద్దనుకుంటనే మరియమ్మ చూసింది. దయ్యం తెల్ల నైటీ ఏసుకున్నది. చేతికి గడియారం ఉన్నది. సచ్చినంక టైం చూసుకునే పనేందో. నోట్లెకెల్లి టమాట సాస్ కారుతుంది, చెప్పులు టపటప చప్పుడు చేస్తున్నయి. "పూట తిరిగేసరికి పీనుగ కట్టె లెక్క బిగుస్తది, ఇదేందే నడుము తిప్పుతుంది?" అని మరియమ్మ విసుక్కుంటే, పిల్లలు ఆమె మాటలకు గూడ నవ్విన్రు. ఆమెకు ఇంకింత కోపం వచ్చింది.

ఇంతల్నే ఎవడో మంత్రగాడు సమాధుల తోటలకు వచ్చిండు. సుట్టూ సాంబ్రాణి పొగ. టార్చిలైటు ఒక రాయి మీద కొట్టి, కండ్లు పెద్దగ చేసి, ఇది పాతాళంల రాసే రాత, దీన్ని సదివినోడు బతకడు అని మరాఠీల చెప్పిండు.

"హే కాయ్? జిలేబ్యా?" అన్నది మాధవి, ఆ గుండ్రటి రాతను చూసి, ఇదేంది జిలేబీలా అని. కెజియా చప్పట్లు కొట్టి నవ్వింది.

మరియమ్మ చేతుల కత్తి ఆగిపోయింది. రాయి మీద రాసి ఉన్నది ఆమెకు మంచిగ కనబడ్డది. డానియల్. క్రీస్తునందు నిద్రించెను. పదకొండేండ్ల కింద ఆమెనే మేస్త్రి నెత్తి మీద నిలవడి చెక్కించిన అక్షరాలు. గంతల్నే నైటీ పోరి చెప్పులతోని వచ్చి ఆ సమాధి మీద ఎక్కి నిలవడ్డది.

"ఆపు," అన్నది మరియమ్మ. కెజియా ఆపింది. "రాయి మీద ఏమున్నదో సదువు."

"నాకేం తెలుసు నానమ్మా, తెలుగుల రాసి ఉన్నది కదా."

ఎంత సులువుగ అన్నదో. మరియమ్మకు సినిమా తీసినోళ్ళ మీద గూడ గంత కోపం రాలే.

"మీ తాత పేరే అది," అన్నది.

మాటలు సమజ్ కాకున్నా, మొకాలు చూసి మాధవి లేచి దుప్పట్లు ఇప్పి, మెల్లగ చెప్పులేసుకొని పోయింది. కెజియా టీవీ బంద్ చేసి తల వంచుకొని కూసున్నది.

"బాయిల దిగి ముప్పై ఏండ్లు బొగ్గు కొట్టిన మనిషే. టీవీల దయ్యం వస్తే మాత్రం, నీళ్ళు తాగొస్త అని వంటింట్లకు పోయెటోడు. అది పోయిందా అని అక్కడికెల్లే అడిగెటోడు. గసొంటోన్ని దయ్యం చేసిన్రు, నువ్వేమో చప్పట్లు కొడ్తున్నవు," అన్నది మరియమ్మ. కెజియాకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

తిడ్తనే ఉన్నది గని, లోపల మరియమ్మకు తన మీద తనకే చిరాకు. ఏటేటా నవంబర్ రెండో తారీఖు సమాధుల పండుగకు పిల్లను తీస్కపోదామంటే పరీక్ష అనో, హాస్టల్ అనో, జరం అనో అయ్యేది. పోనీ అని ఊకున్నది. పిల్లకు తెలుగు సదువుడు నేర్పిద్దామని రాబిన్సన్ అంటే, "దాంతోని ఏం పని, మరాఠీ వస్తే నౌకరి వస్తది" అన్నది గూడ తనే. ఇప్పుడు మోకాళ్ళు వంగుతలేవు. రాబిన్సన్‌కు ఎప్పుడు చూసినా డ్యూటీనే. వచ్చే ఏడు ఆ రాయిని కడిగేది ఎవలు?

"ఎల్లుండి నేనే ముందుగాల పోయి సున్నం ఏస్త. నువ్వు పదింటికి ఆటోల రా," అన్నది కెజియా.

"ఏడున్నదో ఎర్కేనా?"

"గేటు నుంచి మూడో వరుస. చిన్నప్పుడు చూసిన, యాదికున్నది."

రెండో తారీఖు నాడు బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకొని మరియమ్మ ఆటో దిగింది. కెజియా మోకాళ్ళ మీద కూసున్నది, మోచేతుల దాక సున్నం. పాకురంత పీచుతోని గీకి, రెండు సార్లు సున్నం ఏసింది. రాయి ఎండల మెరుస్తుంది. పనికి వంక పెట్టేటట్టు లేదు.

"మంచిగ ఏసినవు. ఎవలిది?" అన్నది మరియమ్మ.

"తాతదే కదా."

"ఇది మీ తాత దోస్తు దేవన్న సమాధి. మీ తాత గాడ, రెండు రాళ్ళ అవతల పండుకున్నడు."

కెజియా చేతుల కుంచె జారి బకెట్ల పడ్డది. "అన్నీ ఒక్క తీరే ఉన్నయి నానమ్మా."

"ఒక్క తీరే ఉంటయి. అందుకనే పేర్లు రాస్తరు."

అంతటితో ఊకుందామనుకున్నది గని మరియమ్మకు నోరు ఆగలే. "రేపు నేను గూడ గిక్కడనే పండుకుంట. నువ్వు వచ్చి, ఎవలికో సున్నం ఏసి, ఎవలికోసమో ఏడ్చి పోతవు." తిట్టాలనే మొదలువెట్టింది, ఆఖరుకు వచ్చేసరికి అది తిట్టు లెక్క లేకుండ పోయింది.

కెజియా బకెట్ గుంజుకపోయి డానియల్ రాయి కడుగుడు మొదలువెట్టింది. పాకురు పోయి అక్షరాలు బయటపడ్డంక, మొదటిదాని మీద వేలు పెట్టింది.

"ఇదేంది?"

"డా."

"ఇది?"

"ని. గా పక్కది య. ఆఖరుది ల్."

"డా. ని. ల..."

"య అన్న కదనే. మళ్ళ మొదటికెల్లి."

పదకొండు దాటింది, ఎండ నెత్తి మీదికి వచ్చింది. నిలవడి నిలవడి మరియమ్మ కాళ్ళు గుంజుతున్నయి. సుట్టూ చూస్తే కూసునే జాగ ఎక్కడ లేదు. "దేవన్నా, ఏమనుకోకు," అని ఆ సమాధి అంచు మీదనే కూలవడ్డది. సున్నం ఇంకా ఆరలేదు, చీరకంత అంటింది. తెలిసినా లేవలే.

"డా. ని. య..." కెజియా వేలు ఆఖరు అక్షరం మీద ఆగింది. "ఇది... న?"

"ల్ అని ఎన్ని సార్లు చెప్పాలె నీకు? మళ్ళ చెప్పు," అన్నది మరియమ్మ.