బస్సు బయలుదేరే చోట ఇల్లు

అద్దె ఇల్లు వెతికిన ఆ రెండు నెలలు తలుచుకుంటే నాకిప్పటికీ రోత. తొంభైల మధ్యలో సంగతి. గుంటూరు వైపు నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళం. నేను సర్కారు ఆఫీసులో గుమాస్తాను, నా భార్య కోఠీలో ఒక ఆఫీసులో టైపిస్టు. నగరానికి ఆ చివర చుట్టాలింట్లో ఉండేవాళ్ళం. అక్కణ్ణించి ఆమె రెండు బస్సులు మారాలి. అప్పటికే ఒక కడుపు పోయింది. రెండోసారి మూడో నెల రాగానే డాక్టరమ్మ ఆమెను వదిలేసి నా వైపు చూసి చెప్పింది: "నిలబడి ప్రయాణాలు చెయ్యకూడదు. ఈమెకు సీటు దొరకాలి. అది మీరు చూసుకోండి."

అంటే మాకు కావలసింది చవకైన ఇల్లు, ఒక్క బస్సు, అందులో ఒక్క సీటు. ఇంతకు మించి ఆశపడలేదు.

ఇంత చిన్న కోరికకు ఇళ్ళవాళ్ళు చూపించినవి చెబితే అన్నం సయించదు. ఒక ఇంట్లో వంటగదికీ మరుగుదొడ్డికీ మధ్య గోడ పైకప్పు దాకా లేదు. ఇంకో ఇంట్లో గుమ్మం ముందు మురిక్కాలవ పారుతోంది. దాని మీద షాబాదు బండలు పరిచి వరండా అన్నారు. లాడ్ బజార్ వెనక ఒక గదిలో గోడకు చెయ్యి ఆనిస్తే అరచేతికి పచ్చగా పాచి అంటుకుంది. "రంగేస్తే మస్తుగైతది సార్" అన్నాడు బ్రోకరు. నా భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది.

ఒక ఆదివారం మేమిద్దరమే చాంద్రాయణగుట్ట వెళ్ళాం. చౌరస్తాకు నాలుగడుగుల దూరంలో, రిటైరైన ఒక ముస్లిం పెద్దాయన ఇంట్లో రెండు గదుల పోర్షన్. విడిగా కుళాయి, విడిగా స్నానాలగది, ఎండ పడే వాకిలి. అద్దె మేం అనుకున్నదానికంటే తక్కువే. ఆయన మమ్మల్ని అడిగింది ఒక్కటే, ఎంతమంది ఉంటారని. మా ఇబ్బంది విని నా భార్యతో అన్నాడు: "బస్ ఈడికెల్లే షురూ అయితది బేటీ. ఎక్కంగనే ఖిడ్కీ కాడ కూసోవచ్చు. ఫికర్ జెయ్యకు."

"ఇదే తీసుకుందామండీ" అంది ఆమె నా చెవిలో.

నేను మాత్రం, ఒకటి రెండు రోజుల్లో చెబుతామన్నాను.

ఎందుకంటే మా కోస్తా గుమాస్తాలకొక అలవాటుండేది. ఇల్లు ఎవరు చూసుకున్నా, ఖాయం చేసేది ఆఫీసు క్యాంటీన్లో టీ బల్ల దగ్గరే. "అక్కడ మనవాళ్ళెంతమంది ఉన్నారు?" అన్నది మొదటి ప్రశ్న. నీళ్ళూ బస్సూ ఆ తర్వాత. మర్నాడు నేను చెప్పగానే బల్ల చుట్టూ గోల. "పాతబస్తీలోనా? కర్ఫ్యూ పెడితే ఏం చేస్తావ్?" అన్నాడొకడు. ఇంకొకడు వాళ్ళ వంటల వాసన భరించలేమంటూ ముక్కు మూసుకున్నాడు. జీతం చేతికందగానే చార్మినార్ దగ్గర బిర్యానీ లొట్టలేసుకుంటూ తినేది ఆ పెద్దమనిషే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం.

చివరికి వాళ్ళే సైదాబాద్‌లో మా జిల్లా ఆయన ఇల్లు చూపించారు. "ఇంతకీ మీరేమిట్లు?" అన్నాడాయన కులం ఆరా తీస్తూ, మంచినీళ్ళయినా ఇవ్వకముందే. చెప్పాను. అడక్కపోయినా గోత్రం కూడా చెప్పాను. "హమ్మయ్య, మనవాళ్ళే" అన్నాడు.

ఆ మనవాడు తెల్లారగానే మా కిటికీ కింద కాండ్రించి ఉమ్మేవాడు. మరుగుదొడ్డికి తాళం వేసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకునేవాడు. కడుపుతో ఉన్న మనిషి పొద్దున మూడుసార్లు వెళ్ళి అడగాలి. "ఇందాకేగా వెళ్ళొచ్చావమ్మా" అనేవాడు. ఆ మాట నా చెవిన పడింది. పడినా పేపరు తిరగేస్తూ కూర్చున్నాను.

ఇక బస్సు. చాంద్రాయణగుట్టలో బయలుదేరిన బస్సే సైదాబాద్ మీదుగా కోఠీకి పోయేది. మా స్టాపుకొచ్చేసరికి ఫుట్‌బోర్డు మీద మనుషులు వేలాడుతుండేవాళ్ళు. "సీటు దొరుకుతోందా?" అని అడిగేవాణ్ణి. "దొరుకుతోంది" అనేది. ఎలా దొరుకుతోందని అడగలేదు. ఆమె గంటన్నర ముందే బయలుదేరుతుంటే, ఆఫీసులో పనెక్కువైందనుకున్నాను. అలా అనుకోవడమే నాకు హాయిగా ఉంది మరి.

ఏడో నెలలో ఒకరోజు ఆమె మందుల సంచి మరిచిపోయింది. పట్టుకుని స్టాపుకు పరిగెత్తాను. ఆమె రోడ్డుకవతల, కోఠీకి ఎదురు దిక్కున పోయే బస్సెక్కుతోంది. కేక వేస్తే వినపడలేదు. వెనకాలే వచ్చిన బస్సెక్కి నేనూ వెళ్ళాను. ఆఖరి స్టాపు చాంద్రాయణగుట్టలో దిగి చూస్తే, ఆ పెద్దాయన అరుగు మీద కుర్చీలో కూర్చునుంది. ఆయన భార్య గ్లాసుతో నీళ్ళిస్తోంది. రెండు నెలలుగా ఇదే వరసట. బస్సు బయలుదేరే చోటుకి ఎదురెళ్ళడం, ఖాళీ బస్సులో కూర్చోవడం, మా ఇంటి మీదుగానే మళ్ళీ కోఠీకి పోవడం.

పెద్దాయన నన్ను గుర్తుపట్టాడు. "రండి సాబ్, కూసోండి. మీరొస్తరని నెల దినాలు పోర్షన్ ఖాళీగనే ఉంచిన. మల్ల వేరేటోళ్ళకిచ్చిన, ఏంజేస్త" అన్నాడు. ఒక్క మాట తిట్టినా బాగుండేది. ఆవిడ నాకూ ఛాయ్ తెచ్చింది. మా పాప నెలలు నిండి క్షేమంగా పుట్టిందంటే అది ఆ అరుగు చలవే. నేను చేసిందేమీ లేదు.

బస్సులో ఆమె కిటికీ దగ్గర కూర్చుంది, నేను పక్కన. "నాకు ముందే చెప్పొచ్చుగా" అన్నాను, సిగ్గులేకుండా కాస్త కోపంగానే.

"చెబితే మీరు ఆఫీసులో అడిగేవారు" అంది. "వాళ్ళు ఆ అరుగు కూడా వద్దనేవారు."