నిన్నటి కూర

మా నాయిన ఇరవై ఆరేళ్లు వంట చేశాడు గానీ ఇద్దరికి వండటం ఆయనకు రాదు. ఆ సంగతి అమీర్‌పేటలో గది తీసుకున్న మొదటిరోజే తెలిసింది.

అప్పటిదాకా ఆయన వండింది నగరం చివర ఉన్న ఒక సర్కారు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, మూడు షిఫ్టుల మనుషులకు. అక్కడ బియ్యమంటే బస్తా, పప్పంటే బకెట్. నేను ఇంటర్ చదువుతుండగా అమ్మ జ్వరమొచ్చి చనిపోయింది. ఆ తర్వాత క్యాంటీన్ నుంచి వచ్చే టిఫిన్ క్యారియరే మాకు దిక్కయింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఫ్యాక్టరీ మూసేశారు. మిషన్లు లారీలకెక్కించారు, క్వార్టర్ ఖాళీ చేయమన్నారు. నేను అప్పుడే డిగ్రీ ముగించాను. కంప్యూటర్ కోర్సు చేస్తే చాలు, ఉద్యోగం ఇంటికొస్తుందని ఎవరిని అడిగినా చెప్పే రోజులవి. నాయిన నన్ను కోర్సులో చేర్పించి, ఇన్‌స్టిట్యూట్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఒక సందులో మూడో అంతస్తు గది చూశాడు. కిటికీ తెరిస్తే ఎదురుగా ఒక పెద్ద హోర్డింగ్ వెనకభాగం, తుప్పు పట్టిన ఇనప చట్రం. ముందువైపు ఏ కోర్సు పేరు రాసుందో తెలియాలంటే కిందికి దిగి రోడ్డు దాటి చూడాలి.

ఆ రోజు నాయిన కిరసనాయిలు స్టవ్ వెలిగించి, కళ్లతోనే కొలిచి గిన్నెలో బియ్యం పోశాడు. కాసేపటికి అన్నం పొంగి మూత పైకి లేచింది. మేం తిన్నదానికంటే మిగిలింది ఎక్కువ. గిన్నె ముందు నిలబడి, ఎవరో వండిపెట్టి పోయినట్టు చూశాడు.

"గింత మిగిలిందేంది బిడ్డా?"

"మనం ఇద్దరమే గదా నాయినా."

"అవునే," అన్నాడు. "ఇద్దరమే."

మర్నాడు పొద్దున ఆ అన్నం పొడిపొడిగా విడదీసి, ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయ, గుప్పెడు పల్లీలతో పోపు పెట్టాడు. ఏడు గంటల క్లాసుకు వెళ్తూ నిలబడే తిన్నాను. అంత రుచిగా ఉన్న పోపన్నం నేను మళ్లీ ఎక్కడా తినలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ప్రతి వంటా అంతకుముందు రోజు వంటలోంచి పుట్టేది. పప్పు మిగిలితే చింతపండు రసం పోసి, మిరియాలు దంచి వేసి చారు చేసేవాడు. ఇంకా మిగిలిన అన్నాన్ని మెత్తగా పిసికి, బియ్యప్పిండి, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, గిన్నె అడుగున పరిచి సర్వపిండి కాల్చేవాడు. బీరకాయ చెక్కు తొక్కు పచ్చడయ్యేది. పుల్లటి మజ్జిగలో కాస్త శనగపిండి కలిపి మరిగిస్తే రెండు పూటలు గడిచేది. కిరసనాయిలు అయిపోయిన రోజున ఉల్లిగడ్డ, చింతపండు చేత్తో పిసికి పచ్చిపులుసు చేసి, పొద్దటి అన్నంలో పోసేవాడు. డబ్బాల్లో ఎప్పుడూ ఉండేవి బియ్యం, కందిపప్పు, పల్లీలు, నువ్వులు, చింతపండు అంతే. వాటితోనే ఆయన వారమంతా ఒకే కూర రెండుసార్లు తిన్నామనిపించకుండా నడిపించాడు. దాంట్లో ఆయనకు ఒక గర్వం ఉండేది. ఏదీ పారేయలేదన్న గర్వం. ఆ రోజుల్లో ఆయనకు మిగిలిన గర్వం అదొక్కటే.

ఇన్‌స్టిట్యూట్‌లో మధ్యాహ్నం బాక్సులు తెరిచేటప్పుడు పక్కనుండే అమ్మాయి, భీమవరం నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండేది, నా బాక్సులోకి తొంగిచూసేది.

"ఇవాళ ఏంటి? దీనికి పేరుందా?"

"మా నాయిననే అడగాలి," అనేదాన్ని. ఆ అమ్మాయి సగం తినేసేది. ఆరు నెలల్లో ఆ అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. నాకు రాలేదు. కోర్సు అయ్యేసరికి కంపెనీలు కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశాయన్నారు. అనుభవం ఉందా అని అడిగేవాళ్లు. ఇంకో కోర్సు చేరమని ఇన్‌స్టిట్యూట్ వాళ్లే సలహా ఇచ్చారు. చేరాను. ఇంటర్వ్యూల్లో తెలిసిన జవాబు కూడా ఇంగ్లీషులో చెప్పేలోపు నోట్లోనే చల్లారిపోయేది. ఎదుటివాళ్లు మర్యాదగా నవ్వి, కబురు చేస్తామనేవాళ్లు. ఆ కబురు కోసం కింద అంతస్తులో ఇంటివాళ్ల ఫోన్ మోగినప్పుడల్లా నాయిన మెట్ల దాకా వెళ్లి నిలబడేవాడు.

ఆయన కూడా పనికి తిరిగాడు. హోటళ్లలో వయసు చూసి వద్దన్నారు. ఒకచోట టిఫిన్ మాస్టర్ కావాలన్నారు, భోజనాలు వండేవాళ్లు ఉన్నారట. పంజాగుట్ట వైపు ఒక ఆఫీసు క్యాంటీన్ కాంట్రాక్టర్ రేపు రా, ఎల్లుండి రా అని పది రోజులు తిప్పి, చివరికి గిన్నెలు కడగడానికైతే చూస్తానన్నాడు. నాయిన ఆ రోజు అక్కడినుంచి నడుచుకుంటూ వచ్చి, చెప్పులు విడిచి, చాలాసేపు గోడకానుకుని కూచున్నాడు. "నేను కడగనని కాదు బిడ్డా," అన్నాడు. "వాడు నా చేతులు చూసిండు. చూసి గట్ల అన్నడు."

కర్రీ పాయింట్‌కు ఆయన్ని తీసుకెళ్లింది నేనే. శ్రీనగర్ కాలనీలో ఒక చిన్న షట్టర్ ముందు 'వంట మనిషి కావలెను' అని అట్టముక్క వేలాడుతుంటే చూశాను. ఇళ్లలో అన్నం ఒక్కటి వండుకుని, కూరలు పాకెట్లలో కొనుక్కుపోయే ఉద్యోగస్తులు అప్పుడప్పుడే పెరుగుతున్నారు. ఓనరుది ఏలూరు వైపు. నాయిన చెప్పిందంతా విని, "పెద్దాయనా, క్యాంటీన్ వంట వేరు, ఇది వేరండీ. మా కస్టమర్లు ఇంటి రుచి అడుగుతారు," అన్నాడు.

నాయిన తల దించుకున్నాడు. నాకు రోషం వచ్చింది.

"మా నాయిన నిన్నటి పప్పుతో చారు పెడితే నిన్నటిదని ఎవ్వరూ కనిపెట్టలేరండీ," అన్నాను.

ఓనరు నా వైపు తిరిగి నవ్వాడు. "అలాగా?" అన్నాడు. మర్నాటి నుంచే రమ్మన్నాడు. ఆ నవ్వు ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. దారంతా నేనే పని ఇప్పించినంత సంబరంగా మాట్లాడుతూ నడిచాను.

నాయిన తెల్లవారకముందే వెళ్లి మధ్యాహ్నం మూడింటికి వచ్చేవాడు. మొదటి నెలరోజులు మనిషి మారిపోయాడు. పెద్ద గిన్నెలు, పొడుగు గరిటె, ముందు నిలబడితే ముఖం కాలే పొయ్యి మళ్లీ దొరికాయి కదా. వచ్చేటప్పుడు మిగిలిన పాకెట్లు రెండు మూడు తెచ్చేవాడు. సాంబారు, దొండకాయ వేపుడు, ఒక్కోసారి గుత్తివంకాయ. అవి విప్పుతూ, "గిది ఇయ్యాల మస్తు పోయింది," అని చెప్పేవాడు. తర్వాత పాకెట్లు తేవడం ఆగిపోయింది.

"మిగలట్లేదా నాయినా?"

"లేదు బిడ్డా. మిగుల్తలెవ్వు."

బేరం బాగుందనుకుని సంతోషపడ్డాను. అప్పటినుంచే ఇంట్లో ఆయన గ్లాసుతో కొలిచి బియ్యం పోయడం మొదలుపెట్టాడు. మా ఇద్దరికీ సరిగ్గా సరిపోయేది, పొద్దునకు మెతుకు ఉండేది కాదు. నేర్చుకున్నాడులే అనుకున్నాను.

ఒకరోజు పంజాగుట్టలో ఇంటర్వ్యూ అయింది. అయిందంటే, పదకొండు గంటలకే పంపేశారు. ఇంటికి పోబుద్ధి కాక, నాయినతో కలిసి వద్దామని శ్రీనగర్ కాలనీకి నడిచాను. షట్టర్ పక్కన వెనక్కి వెళ్లే సన్నటి దారి ఉంది. అక్కడ నిలబడితే వంట చేసే చోటు కనిపిస్తుంది. ఓనరు ఫ్రిజ్ తెరిచి ఒక్కో స్టీలు గిన్నె నాయిన చేతికిస్తున్నాడు. నాయిన మూత తీసి వాసన చూస్తున్నాడు. ముందురోజు సాంబారును కొత్త సాంబారులో కలిపాడు. బెండకాయ కూర మీద పల్లీలు, కరివేపాకు వేసి మళ్లీ పోపు పెట్టాడు. ఒక పప్పు గిన్నె దగ్గర ఆగి, "గిది వద్దు సార్, పులిసింది," అన్నాడు.

"అందుకేగా మీరున్నది," అన్నాడు ఓనరు. "ఓ టమాటా ఎక్కువేసి తిప్పండి."

నాయిన టమాటాలు తీసుకున్నాడు.

అంతలో కౌంటర్ దగ్గరికి ఒకాయన వచ్చాడు. నా వయసే ఉంటుంది, మెడలో కంపెనీ బిళ్ల వేలాడుతోంది. పప్పు అడిగి, "ఇవాళ్టిదేనా?" అన్నాడు. ఓనరు ఫోన్‌లో ఉండి, చెప్పమన్నట్టు నాయిన వైపు చెయ్యి ఊపాడు.

"ఇప్పుడే దించిన సార్," అన్నాడు నాయిన.

అని తలెత్తేసరికి నేను కనిపించాను. ఆయన ముఖంలో ఏమీ మారలేదు. గరిటె గిన్నె అంచుకు ఆనించి, పాకెట్ మూతికి దారం చుట్టడం మొదలుపెట్టాడు. నేను అక్కడినుంచి వచ్చేశాను.

మూడింటికి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, ఎప్పట్లాగే స్టవ్ ముందు కూచున్నాడు. ఆయన బాధ తగ్గించాలని నేనే అన్నాను.

"మనం ఇంట్లో తిన్నది కూడా నిన్నటిదే గదా నాయినా. ఎవరికి ఏమైంది?"

"మనకు ఎర్కనే గద బిడ్డా," అన్నాడు. "ఎర్క ఉండి తిన్నం. ఆ పిల్లగానికి ఎర్క లేదు."

"మానేయ్ అయితే."

"మానేస్తే?"

కోర్సులకు కట్టగా మిగిలింది ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. ఆయన నా ముఖంలోకి చూసి, నేను చెప్పలేనిదంతా విన్నట్టు తలాడించి, అగ్గిపుల్ల గీశాడు.

ఆయన మానేయలేదు. ఇలాంటివి చెప్పేటప్పుడు ఆ మనిషి గరిటె విసిరికొట్టి బయటికి వచ్చాడని చెప్పాలనిపిస్తుంది. మా నాయిన రాలేదు. మర్నాడు తెల్లవారకముందే లేచి చొక్కా వేసుకుని వెళ్లాడు. అంతకంటే ఘోరం, వేసవిలో ఒకరోజు ఒకావిడ కూర పాకెట్ పట్టుకుని షాపుకు వచ్చి గొడవ చేసిందట, వాంతులయ్యాయని. నలుగురూ గుమిగూడారట. ఓనరు లోపలికి తిరిగి గట్టిగా అరిచాడట. "ఎన్నిసార్లు చెప్పానండీ పెద్దాయనా, నిన్నటివి పారబోయమని! నా పరువు తీస్తున్నారు!"

"నువ్వేమన్నవు?" అని అడిగాను.

"తప్పయింది అమ్మా అన్న. ఆమెకు చేతులు జోడించిన." మళ్లీ తనే, "జోడించుడు మాత్రం అబద్ధం కాదు," అన్నాడు.

మధ్యాహ్నం ఓనరు ఆయన్ని పక్కకు పిలిచి, ఏమీ అనుకోవద్దని, వ్యాపారంలో ఇవి మామూలేనని చెప్పి టీ ఇప్పించాడట. ఆ టీ తాగానని కూడా నాయిన నాకు చెప్పాడు. ఎందుకు చెప్పాడో తెలియదు. చెప్పకపోతే బాగుండేది.

ఆ తర్వాత మా గదిలో వంట గురించి మాటలు ఆగిపోయాయి. కూర ఎలా కుదిరిందని ఆయన అడిగేవాడు కాదు, నేను చెప్పేదాన్ని కాదు. అన్నం, పప్పు. అన్నం, చారు. డబ్బాలో నువ్వులకు పురుగు పడితే పారేశాడు. ఆయన ఒక తినే వస్తువు పారేయడం నేను చూడటం అదే మొదలు. రెండో కోర్సు సర్టిఫికెట్టు కూడా వచ్చింది. దాన్ని మొదటిదాని వెనకే పెట్టి బీరువాలో దాచాను. మరో ఏడాదికి పంజాగుట్టలో ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో పని దొరికింది. అక్కడ కంప్యూటర్ ఉంది గానీ నేను నేర్చుకున్నదేదీ అక్కడ పనికి రాలేదు. పేరు, వయసు, వార్డు కొట్టాలి, కాగితం చింపి ఇవ్వాలి.

నాయిన మోకాళ్లు పోయేదాకా ఆ పొయ్యి ముందే నిలబడ్డాడు. తర్వాత ఓనరే వద్దన్నాడు. అప్పటినుంచి ఇంట్లో వంట నాదయింది. నాకు పెద్దగా రాదు. డ్యూటీ నుంచి వచ్చి ఏదో ఒకటి ఉడకేసి ఆయన ముందు పెట్టేదాన్ని. గోడ వైపు తిరిగి కూచుని, పెట్టింది పెట్టినట్టు తినేవాడు.

ఒక ఆదివారం సొరకాయ కూర వండాను. ఆయనకు పెట్టి, నేను ఆలస్యంగా కూచున్నాను. మొదటి ముద్దకే తెలిసింది, ఉప్పు వేయడం మరిచిపోయాను. తలెత్తి చూస్తే ఆయన కంచం సగం ఖాళీ అయింది.

"నాయినా, ఉప్పు లేదు గదా. చెప్పవేంది?"

"లేదా?" అన్నాడు. కంచంలోకి చూసుకున్నాడు. "ఏదైతేంది బిడ్డా. తింటున్న గద."

నేను లేచి ఉప్పు డబ్బా తెచ్చి చిటికెడు వేశాను. ఆయన కలుపుకోలేదు. ఉప్పు ఒక పక్కన అలాగే ఉండగా మిగతా అన్నం తిని, నీళ్లు తాగి, చెయ్యి కడుక్కోవడానికి గోడ పట్టుకుని లేచాడు.