పైనుంచి పొలం చూసే కొలువు

తొంభైలలో రిమోట్ సెన్సింగ్, అంటే ఉపగ్రహాల బొమ్మల్లో నేలను చూసే విద్య, చదివిన వాళ్లకు ఉద్యోగాలకేం కొదవ? ఎప్పుడు పేపరు తిరగేసినా ఏదో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన పోస్టు ఉండేది. ఒకే ఒక్కటి. అదీ ఆరు నెలలకు. ప్రాజెక్టుతో పాటే ఉద్యోగమూ పోతుందని, పర్మనెంటు చేయమని అడగకూడదని ప్రకటనలోనే రాసేవారు. విస్తరి వేయకముందే మారు అడగొద్దని చెప్పినట్టు.

అలాంటి మహాభాగ్యం కోసం ఒక వానాకాలం నేను హైదరాబాదు బయలుదేరితే, అమ్మ నాట్లు మానుకుని మరీ నా వెంట వచ్చింది. మాది పటేల్‌గూడ. ఊళ్లోవాళ్ల పొలాల్లో కూలికి పోయి అమ్మ నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది. ఈ కొలువు రాకపోతే కాజీపల్లి మందుగోలీల కంపెనీలో ప్యాకింగుకు పోవాల్సిందే. మా మేనత్త అక్కడ మాట్లాడి పెట్టింది కూడా.

అమ్మను వరండాలో కూర్చోబెట్టి ఇంటర్వ్యూకు వెళ్లాను. లోపల ముగ్గురు సార్లు. ఉపగ్రహం తీసిన బొమ్మ ఒకటి ముందు పెట్టి, ఇందులో వరి ఏది, చెరకు ఏది అన్నారు. ఎర్రగా ఉన్నది చెరకు, నల్లగా ఉన్నది నీళ్లు పెట్టి కొత్తగా నాటిన వరిమడి అని వేలు పెట్టి చూపించాను. ముగ్గురూ తలలూపారు. కొలువు వచ్చేసినట్టే అనిపించింది.

అంతలో పెద్దసారుకు నా మీద జాలి పుట్టింది. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను.

"బాగా చెప్పావమ్మా. కానీ బొమ్మలో చూసింది పొలానికి వెళ్లి సరిచూడాలి. ఎండ, బురద, పాములు. ఆడపిల్లవి, తట్టుకోలేవు."

నిజమే మరి. మా జిల్లాలో వరి తనంతట తనే నాటుకుంటుంది కదా!

"మా అమ్మ నాట్లేస్తది సార్. బయటనే కూసున్నది," అన్నాను.

"అది వేరమ్మా," అన్నాడాయన కాగితాలు సర్దుకుంటూ.

బయటికి వచ్చి చెబితే అమ్మ సార్లను తిట్టిపోస్తుందనుకున్నాను. ఆమె నన్నే తిట్టింది.

"బురదల దిగుడేనా నీ కొలువు? గదేందే! కుర్సీల కూసునేదనుకుంటి. నేను దిగింది సాలదా? సారు మంచిగనే అన్నడు."

నాకు ఒళ్లు మండిపోయింది. సారూ అమ్మా ఒక్కటైపోతే ఇక నాకు దిక్కెవరు?

"మనకు గుంట భూమి లేకపాయె. గీ పని చేస్తె జిల్లల పొలాలన్ని నావే అనిపిస్తదమ్మా," అంటూ ఆ వరండాలోనే బోరుమన్నాను.

అమ్మ కొంగుతో నా ముఖం తుడిచింది. తర్వాత ఎవరూ పిలవకుండానే తలుపు తోసుకుని లోపలికి పోయింది. వెనకాలే నేను పరుగెత్తాను.

"సారూ, జెర నా మాటినుండ్రి. బురదల నేను దిగుత. ఎండల నేను తిరుగుత. నా బిడ్డ ఒడ్డు మీద నిలవడి రాసుకుంటది. నాకు కూలి గూడ వద్దు. కొలువు దానికియ్యుండ్రి."

పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇద్దరికి పోస్టులు లేవమ్మా, ఒకటే ఉంది," అన్నాడు చివరికి.

ఆ ఒక్కటీ నాకు రాలేదు. పోనీ, అది మామూలే. కానీ అమ్మకు ఎండ తగులుతుందేమోనని, అమ్మను పాము కరుస్తుందేమోనని, ఆ ముగ్గురిలో ఒక్కడూ అడగలేదు.