జ్వరం బ్రెడ్డు

మా పామిడిలో ఆ రోజుల్లో చేతిలో బ్రెడ్డు పొట్లంతో వీధిలో నడిస్తే నలుగురు ఆపి అడిగేవాళ్లు, "ఎవురికి బాగలేదు?" అని. ఒళ్లు బాగున్నవాళ్లు బ్రెడ్డు తింటారన్న ఊహే ఎవరికీ ఉండేది కాదు. ఆస్పత్రిలో ఎవరినైనా చూడ్డానికి పోతే బ్రెడ్డు, ఇంట్లో జ్వరమొస్తే బ్రెడ్డు, జ్వరం తగ్గాక మిగిలిన ముక్కలు కోళ్లకు. రెండువేల రెండో మూడో సంవత్సరంలో నెల రోజుల పాటు నేను ఆ ప్రశ్నకు ఒకటే జవాబు చెప్పుకుంటూ తిరిగాను. "మా పాపకు. టైఫాయిడ్."

పాపకు తొమ్మిదేళ్లు. ఆ ఏడు కూడా వానల్లేవు. వీధి కుళాయి ఎండిపోయి ట్యాంకరు నీళ్లు తాగుతున్నాం. ఆ నీళ్ల వల్లనో మరెందువల్లనో మూడు వారాలు పిల్ల ఒళ్లు కాలిపోయింది. చివరికి జ్వరం దిగింది గానీ ఆకలి మాత్రం తిరిగి రాలేదు. డాక్టరు రెండు మాటలు చెప్పి ఇంటికి పంపాడు. మెత్తగా ఏదో ఒకటి కడుపులోకి పోవాలి, లేకపోతే మళ్లీ సెలైన్ ఎక్కించాలి అన్నది మొదటిది. పేగులు ఇంకా పుండుగా ఉంటాయి, విరేచనంలో నెత్తురు కనబడితే క్షణం ఆగకుండా తీసుకురండి అన్నది రెండోది. ఆ రెండో మాట విన్న రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. పిల్ల దొడ్లోకి పోయి వచ్చిన ప్రతిసారీ వెనకే పోయి చూసేదాన్ని.

ఈ రెండు మాటలకు మా అత్త మూడోది తనే కలిపింది. అది పథ్యం. పొద్దున గంజి, మధ్యాహ్నం కారం లేని చారన్నం, సాయంత్రం పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు.

"పచ్చిది ఒగటి కడుపులో పడినా జరం తిరగబెడతాది. మా చెల్లెలి కొడుకు అట్లనే పోయినాడు" అనేది. ఆ మాట తర్వాత ఎదురు చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది?

పిల్ల మాత్రం రెండు చెంచాలు మింగి పెదాలు బిగించేది. స్నానం చేయిస్తూ వీపు రుద్దుతుంటే ఎముకలు చేతికి తగిలేవి. జ్వరం చంపలేదు, పథ్యం చంపుతుందేమో అనిపించేది. ఆ మాట బయటికి అంటే మా అత్త నన్ను బతకనివ్వదు.

ఒక మధ్యాహ్నం పాప నా కొంగు లాగింది. "అమ్మా, బెంగళూర్లో బండి దగ్గర తినింటిమి సూడు, అది చేసిస్తావా?"

మా ఆయనకు బట్టలు కుట్టే షాపుంది. గుడ్డ కొనడానికి నెలకోసారి బెంగళూరు పోతాడు. జ్వరానికి ముందు ఎండాకాలం సెలవుల్లో మమ్మల్ని కూడా తీసుకుపోయాడు. గుడ్డల అంగళ్ల సందులో ఒకాయన తోపుడుబండి మీద శాండ్‌విచ్‌లు అమ్ముతున్నాడు. బ్రెడ్డుకు అంచుల దాకా వెన్న రాసి, పచ్చ చట్నీ పూసి, ఉడికిన ఆలుగడ్డ, బీట్రూట్, పచ్చి దోసకాయ, టమాటా, ఉల్లిగడ్డ అన్నీ చక్రాలుగా పేర్చి, మీద ఏదో పొడి చల్లి, ఇంకో బ్రెడ్డు మూసి కోసి ఇచ్చాడు. పిల్ల చేతికంటిన చట్నీ కూడా నాకింది.

"అదీ బ్రెడ్డే గదే. నీకు పడదు గదా" అన్నాను.

"కాదు. ఇది జరం బ్రెడ్డు. అది వేరే" అంది.

నెల రోజుల్లో ఆ పిల్ల నోరు తెరిచి అడిగిన తిండి అదొక్కటే. పెడితే అత్త చెప్పినట్టు జ్వరం తిరగబెడుతుందేమో, పెట్టకపోతే పిల్ల ఇంకా చిక్కిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు రోజులు ఆలోచించి మూడో రోజు చేయడానికే సిద్ధపడ్డాను. ధైర్యం వచ్చి కాదు, ఆ వీపు చూడలేక.

బ్రెడ్డు గురించి దాచాల్సిన పనే లేదు, అది ఎటూ ఇంట్లోకి రోజూ వస్తున్నదే. బీట్రూట్ దగ్గరే చిక్కు. మా ఇళ్లలో అప్పట్లో అది వండేవాళ్లం కాదు. నేనైతే అంతవరకు చేత్తో ముట్టుకోలేదు కూడా. పెళ్లి వంటల వాళ్ల కోసం తెచ్చే ఒక కూరగాయలామె దగ్గర ఒకే ఒక్కటి కొని, కొత్తిమీర కట్ట కింద దాచి తెచ్చాను. ట్యాంకరు వస్తుందని మా అత్త బిందెలు తీసుకుని వీధి చివరికి పోయింది. ఆ వరుసలో నిలబడితే గంటకు తక్కువ కాదు. నా దొంగతనానికి ఆ గంట చాలనుకున్నాను.

ఆలుగడ్డ, బీట్రూట్ మెత్తగా చిదిమితే నలిగేంత ఉడికించాను. పచ్చి దోసకాయ, ఉల్లిగడ్డ వద్దనుకున్నాను. టమాటాను వేడినీళ్లలో వేసి తోలు తీశాను. కొత్తిమీర, కాస్త పుదీన, పుట్నాల పప్పులు, నిమ్మరసం వేసి నూరాను. పచ్చిమిరపకాయ పట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి గింజలు తీసేసి పావు ముక్క వేశాను. ఆ పావు ముక్క వేసినందుకు రాత్రంతా తిట్టుకున్నాననుకోండి. నెయ్యి కాచడానికి మా అత్త దాచిన వెన్నలోంచి ఒక ఉండ తీసి, పైన చెంచాతో సమంగా చదును చేశాను. చల్లడానికి ఆ బండాయన పొడి యాడ దొరుకుతుంది? వేయించిన జీలకర్ర, ఉప్పు నలిపి చల్లాను. బండాయన కాల్చలేదు గానీ నేను రొట్టెల పెనం మీద రెండు వైపులా కాల్చాను. నిప్పు తగిలితే ఏ పురుగున్నా చస్తుందని నా నమ్మకం.

పాప ఒకటి తినింది. నా వైపు చూసింది. ఇంకొకటి పెట్టాను. మూడోది సగం తిని "సాలు" అంది. పెదాలు ఎర్రగా, మూతికి పచ్చగా చట్నీ. నాకు ఏడుపొచ్చింది. మూతి తుడిచి, "అవ్వకు సెప్పొద్దు" అన్నాను. బుద్ధిగా తలూపింది. బీట్రూట్ తొక్కలు పెంటలో పూడ్చి, చేతుల ఎరుపు పోయేదాకా చింతపండుతో రుద్దుకున్నాను. నీళ్లు మోసుకొచ్చిన అత్త గడపలో నిలబడి ముక్కు ఎగబీల్చి, "ఏందే, వెన్న వాసన?" అంది. "బ్రెడ్డు పెనం మీద వేడి చేసినా అత్తా" అన్నాను. అబద్ధమైతే కాదు కదా.

మరుసటి పొద్దున పాపను దొడ్లోకి తీసుకుపోయింది మా అత్తే. ఆమె అరుపు ఇంట్లోకి వినబడింది.

"నెత్తురే! ఓయమ్మా, నెత్తురు పడతాంది బిడ్డకు!"

పోయి చూశాను. ఎర్రగా ఉంది. మా ఆయన ఊళ్లో లేడు, గుడ్డకు పోయినాడు. ఆటో పిలిచి ఇద్దరం పిల్లను ఒళ్లో వేసుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరాం. మా అత్త దారి పొడుగునా దేవుళ్లందరికీ మొక్కుతోంది. నాకు ఒక్క దేవుడి పేరు కూడా గుర్తు రాలేదు. ఆ పావు మిరపకాయ, ఆ వెన్న, పెనం మీద గరుకుగా కాలిన అంచులు, అవే కళ్ల ముందు. పుండు పేగుల్లోకి అవి పోయి కోసేశాయి. నా పిల్లను నా చేత్తో నేనే చంపుకున్నాను. అదే మాట మళ్లీ మళ్లీ.

డాక్టరు పిల్లను పడుకోబెట్టి కడుపు నొక్కుతూ అడిగాడు. "నిన్నటి నుంచి ఏం పెట్టినారమ్మా? దాచకుండా చెప్పండి."

నేను నోరు తెరిచేలోపే మా అత్త బల్ల పట్టుకుని కిందికి కూలబడిపోయింది.

"నేనే సార్. తప్పు నాదే. నిన్న పొద్దున ఉగ్గాని చేసుకుంటి. బిడ్డ సూస్తాండాది. మనసు ఆగలేదు సార్, ఒగ పిడికెడు పెడితి. నా కోడలు, ఈ యమ్మికి కూడా తెలీదు. నా బిడ్డను నేనే పొట్టన పెట్టుకుంటి సార్!"

నానబెట్టిన బొరుగులకు, అదే మరమరాలకు, తాళింపు పెడితే ఉగ్గాని. నెల రోజులు పథ్యం పథ్యమని నన్ను కాల్చుకు తిన్న మనిషి, నా కళ్లు కప్పి పిల్లకు పిడికెడు పెట్టింది. ఇప్పుడు నేల మీద కూర్చుని నెత్తి కొట్టుకుంటోంది. నేను? దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి ఉన్నాను. చెప్పాలని ఉంది, నాలుక కదల్లేదు. అంతకంటే సిగ్గుచేటు మాట ఇంకోటుంది, అది కూడా చెప్పేస్తాను. ఉగ్గాని వల్లేనేమో అని నాకొక చిన్న ఆశ పుట్టింది. పాప బల్ల మీద పడుకుని నా వైపే చూస్తోంది. చెప్పొద్దన్నాను కదా, చెప్పడం లేదు.

"నొప్పి లేదు, జ్వరం లేదు" అని డాక్టరు గొణుక్కున్నాడు. "రంగు ఎట్లుండాదమ్మా? నల్లగానా?"

"కుంకుమ నీళ్ల మాదిరి సార్" అంది అత్త ఏడుస్తూనే.

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. "బీట్రూట్ ఏమైనా తినిందా?"

అప్పుడు చెప్పాను. చట్నీ నుంచి వెన్న దాకా అంతా చెప్పాను. ఆయన నవ్వాడు. బీట్రూట్ తింటే కొందరికి అట్లే పడుతుందన్నాడు. అయినా పరీక్షకు పంపాడు. మధ్యాహ్నం దాకా వరండాలో బెంచీ మీద ఇద్దరం పాపకు చెరోపక్క కూర్చున్నాం. నెత్తురు లేదని చీటీ వచ్చింది.

తిరుగు ఆటోలో పాప మా అత్త ఒళ్లో నిద్రపోయింది. పెన్న వంతెన దాటాక మా అత్త అడిగింది.

"ఎన్ని తినింది?"

"రెండున్నర, అత్తా."

"రెండున్నరా!" అని పిల్ల కడుపు మీద చెయ్యి వేసి నిమిరింది. ఆ చెయ్యి చాలాసేపు తీయలేదు. తర్వాత నా వైపు తిరక్కుండానే అంది.

"నేను ఆడ నేల మీద పడి ఏడుస్తాంటే సూస్తా నిలబడితివి గదే."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.